చేత్తో విన్న మోహనం

బందరులో పట్టాభి, కోదండం, శేషగిరి అని ముగ్గురు అన్నదమ్ములు. ఊళ్ళో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే ఉందని వాళ్ళ నమ్మకం. చెప్పింది చెప్పినట్టు చేయడమే తెలివని తేల్చేశారు కూడా.

వాళ్ళ అమ్మ రాజ్యలక్ష్మమ్మ నలభై ఏళ్ళు వీణ నేర్పింది. ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు. పట్టాభి కూతురు మాళవిక మొదటి కచేరీ దగ్గరపడింది. మనవరాలు వాయించే మోహన రాగం ఒక్కటి వింటే చాలని ముసలమ్మ ఆశ. డాక్టరు చెవికి మిషను పెట్టి మూడు మాటలు చెప్పాడు. దగ్గరగా కూర్చోబెట్టండి, వేరే చప్పుడు లేకుండా చూడండి, వాయించే మనిషి ఆమెకు బాగా కనపడాలి.

అంతే. కచేరీ నాడు అమ్మని కుర్చీతో సహా ఎత్తి, స్పీకరు పెట్టెకి ఆనించి తాడుతో కట్టేశారు. ఇంతకన్నా దగ్గర ఎక్కడుందన్నాడు కోదండం. మిషను కీచుమంది. ముసలమ్మ చెవులు మూసుకుంది. మాళవిక తల్లి వచ్చి తాడు విప్పి, అత్తగారిని వీణ ముందు కూర్చోబెట్టింది.

ఇక వేరే చప్పుడు. ఫ్యాన్లు ఆపారు. జనం విసనకర్రలు తీస్తే అవీ లాక్కున్నారు. మృదంగం ఆయన్ని కాఫీకి పంపి తలుపు గడియ పెట్టారు. ఎవరో దగ్గారు. ఇంకేముంది, హాలంతా ఖాళీ చేయించారు. దగ్గని వాళ్ళేం చేశారని అడిగితే, కాసేపాగితే వాళ్ళూ దగ్గుతారుగా అన్నాడు శేషగిరి.

వాయించే మనిషి కనపడాలి కదా, వీణ అడ్డం వస్తోందని పట్టాభి దాన్ని వెనక గదిలో పెట్టి వచ్చాడు.

"వీణ లేకుండా అది ఏం వాయిస్తుందండీ?" అంది భార్య.

"ఆ సంగతి డాక్టరు చెప్పలేదు."

మాళవిక వెళ్ళి వీణ తెచ్చుకుంది. నానమ్మ చెయ్యి తీసుకుని వీణ కుండ మీద పెట్టి, వాయించింది. ముసలమ్మ కళ్ళు మూసుకుంది. కొంతసేపటికి ముఖం విచ్చుకుంది.

"మోహనమే. రెండో తీగ కాస్త దిగింది తల్లీ."

అన్నదమ్ములు మొహమొహాలు చూసుకున్నారు.

"అమ్మ చేత్తో వింటోందిరా," అన్నాడు పట్టాభి.

"మరి మిషను చెవిలో ఎందుకుంది?" అన్నాడు శేషగిరి.

ముగ్గురికీ డాక్టరు మీద జాలేసింది. మిషను చెవిలోంచి లాగి, అమ్మ అరచేతికి ప్లాస్టరుతో అంటించి, ఆ చేతిని వీణ మీద పెట్టారు. మిషను అడ్డమొచ్చి అరచెయ్యి ఇక వీణకి తగల్లేదు.

రాజ్యలక్ష్మమ్మ కళ్ళు తెరిచింది. ఆపేశావేం తల్లీ, అని అడిగింది.

మాళవిక వాయిస్తూనే ఉంది.

"రెండో చేతికి కూడా ఒకటి కొనాల్సిందిరా," అన్నాడు కోదండం.