పైత్యరసానికి చేదు పట్టిన కథ

ఒకప్పుడు, కచ్చితంగా చెప్పమంటే ప్రభవ నామ సంవత్సరం ఆషాఢ శుద్ధ దశమినాడు, పొద్దున తుప్పర పడి మధ్యాహ్నానికి ఉక్కపోసిన రోజున, భోగన్న అనే మనిషి చెంబెడు నెయ్యి తాగేశాడు. ఎందుకంటే తోడల్లుడు "నీవల్ల కాదు" అన్నాడు. తోడల్లుళ్ల సంగతి ఎత్తుకుంటే ఈ కథ తెమలదు గనక వదిలేద్దాం.

పొట్టలో కుడిపక్కన, పక్కటెముకల కింద కాలేయమ్మ కాపురం. ఆవిడ వండే పైత్యరసం ఆ రోజుల్లో పానకంలా తియ్యగా ఉండేది. పేగులన్నీ లొట్టలేసేవి. ఆ పొగడ్తలంటే ఆవిడకు ప్రాణం.

నెయ్యి మాత్రం పానకం మీద దర్జాగా తేలింది.

"వదినా! నెయ్యి నాకు చిక్కడం లేదు. మనిషి గిలగిల్లాడుతున్నాడు. వాడు పోతే మనమూ పోతాం!" అని చిన్నపేగు ఏడ్చింది.

"ఇంకాస్త పానకం పొయ్యనా?"

"నీ పానకం తగలెయ్య!"

బయట భోగన్న పెళ్లాం తాయారు అతని పొట్టకు ఆముదం పట్టించింది. తగ్గలేదు. "మీ తోడల్లుణ్ణి పిలవండి, వచ్చి రుద్దుతాడు!" అని తిడుతూ కుంకుడురసంతో కడిగేసింది. జిడ్డంతా నురగలో కలిసి జారిపోయింది.

కాలేయమ్మ లోపలినుంచే కేకేసింది. "కుంకుడవ్వా, ఏమిటే నీ కిటుకు?"

"ఒక చేత్తో జిడ్డును, ఇంకో చేత్తో నీళ్లను పట్టుకుంటా. నీ దగ్గరున్న కొవ్వునే కాచి అలాంటి చేతులు చేసుకో. కానీ పిల్లా, చేదెక్కుతావు. నిన్నిక ఎవరూ మెచ్చరు."

కాలేయమ్మ తటపటాయించింది. అంతలో భోగన్న కళ్లు తేలేశాడు.

"చేదైతే అయ్యింది, పోనీ!" అని కొవ్వును పొయ్యెక్కించింది. అలా పుట్టినవే పైత్యామ్లాలు. అవి రసంలో కలవగానే నెయ్యి నలుసులు నలుసులుగా విడిపోయింది. చిన్నపేగు గుటుక్కున లాగేసుకుంది. భోగన్న తేన్చి, "ఛీ, చేదు!" అని ఉమ్మేశాడు.

"ఏడిశావులే," అంది కాలేయమ్మ. "మరదలా, ఆ ఆమ్లాలు పారబొయ్యకు. నీ చివరి మలుపులో ఒడిసిపట్టి నాకు తిరిగి పంపు. కుంకుళ్లు రెండోసారి నలిపితే నురగ రాదా ఏం?"

ఈ సంగతి విని జంతువులు వచ్చి పడ్డాయి. కాలేయమ్మ చేదు దాచుకునే తిత్తులు కుట్టి పంచింది. మనిషికొకటి, ఆవుకొకటి, కోడికొకటి, చేపకొకటి. గుర్రం పరుగు మానలేక రానేలేదు. పావురం ముక్కు మూసుకుని ఎగిరిపోయింది.

అప్పటినుంచే మన పైత్యరసం చేదు, తిన్న నెయ్యి అరుగుతుంది. గుర్రానికీ పావురానికీ తిత్తి లేదు. కాలేయమ్మకా? పని దక్కింది. మెచ్చుకోలు మాత్రం ఒక్కటీ దక్కలేదు.