నీటిమఠం జవాబు

పర్వతయ్య స్వామికి చూపు పోయి ఆరేళ్ళయింది. ఆ ఏడు వానలు మొదలయ్యేసరికి మంచం కూడా పట్టారు. ఇక ఎన్నాళ్ళో లేనని ఆయనకూ తెలుసు, మఠంలో అందరికీ తెలుసు. ఆయనకు మిగిలిన కోరిక ఒకటే. కొండ దిగువన జలపాతం దగ్గరున్న నీటిమఠం వాళ్ళ జవాబు ఒక్కసారి చెవులారా వినాలి.

ఆ మఠాల ఆచారం అలాంటిది. తెల్లవారగానే గురువు "ఉన్నారా" అని రాగం తీసి పిలుస్తారు. శిష్యులు పేడ ఎత్తుతున్నా, కట్టెలు కొడుతున్నా, ఎక్కడివాళ్ళక్కడ "ఉన్నాం" అని అదే రాగంలో పలుకుతారు. ఆ రాగం చివర ఒక చిన్న విరుపు ఉంటుంది. అది ఒకరు చెబితే వచ్చేది కాదు, పక్కనున్నవాడి గొంతు విని పట్టుకోవలసిందే. నాలుగు తరాల కిందట ఒక గురువు కొంతమందిని వెంటబెట్టుకుని తపస్సుకని జలపాతం దగ్గరికి దిగిపోయారు. మళ్ళీ పైకి రాలేదు. వాళ్ళ పలుకు విన్నవాళ్ళు పైమఠంలో ఎవరూ మిగల్లేదు.

"వాళ్ళూ మనవాళ్ళే నాయనా. పిలుచుకురా," అన్నారు స్వామి ఏకాంతయ్యతో.

ఏకాంతయ్య పైమఠంలో పెద్ద శిష్యుడు. గొంతు ఖంగుమంటుంది. అతను పలికితే లోయ అవతల మేకలు కూడా తలెత్తి చూస్తాయని చెప్పుకునేవారు. ఆ పేరు అతనికి కాస్త తలకెక్కిన మాట నిజమే. నేను పిలిస్తే పలకనివాళ్ళుంటారా అనుకున్నాడు. వెంటబెట్టుకు వస్తానని గురువు చేతిలో చెయ్యేసి మరీ కొండ దిగాడు.

జలపాతం దగ్గర హోరు తప్ప మరేమీ లేదు. తుంపరలో ఆరుగురు మనుషులు బండల మీద కూర్చుని ఉన్నారు. ఏకాంతయ్య "ఉన్నారా" అని పిలిచాడు. తన గొంతు తనకే వినపడలేదు. ఇంకా గట్టిగా పిలిచాడు. ఒక్కరూ తల తిప్పలేదు. కాసేపటికి వాళ్ళలో ముసలాయన ఒకరు కుడిచెయ్యి పైకెత్తి వేళ్ళు విప్పారు. తక్కిన ఐదుగురి చేతులూ ఒక్కసారే లేచాయి. ఏ నోరూ కదల్లేదు. పగటివేళే అయినా ఏకాంతయ్యకు ఒళ్ళు జలదరించింది.

ఆ ముసలాయనే నీటిమఠం గురువు బూదయ్య. పుట్టు చెవుడు కాదు. నలభై ఏళ్ళు ఆ హోరులో కూర్చుని చెవులు పోగొట్టుకున్నారు. మాట వస్తుంది కాని అందులో ఎత్తూ పల్లం ఉండవు. ఎదుటివాడి పెదవులు చూసి సంగతి గ్రహిస్తారు. ఆయన ఏకాంతయ్యను బండ వెనక గుహలోకి, హోరు కాస్త తగ్గే చోటికి తీసుకెళ్ళి వచ్చిన పని కనుక్కున్నారు.

తర్వాత తమ సంగతీ చెప్పారు. మొదట దిగినవాళ్ళు గొంతులు చించుకుని పిలుచుకునేవారట. అలా పిలిచి పిలిచి విసిగినవాళ్ళు ఏ ఊరికో పోయారు. చెయ్యెత్తితే చాలనుకున్నవాళ్ళు ఉండిపోయారు. రాగం ఎలా ఉండేదో తన గురువుకే తెలియదని, తనకసలే తెలియదని అన్నారు.

అయినా సరే రావాలని ఏకాంతయ్య పట్టుబట్టాడు. వస్తే రాగం అదే వస్తుందన్నాడు. రక్తంలో ఉన్నది ఎక్కడికి పోతుందన్నాడు. బూదయ్య ఒక మట్టికుండ తెచ్చి అతని చేతికిచ్చారు. దారిలో రెండో మలుపు దగ్గర నిలవనీటి మడుగు ఉంది, అక్కడ అరుస్తున్న మగకప్పనొకదాన్ని పట్టుకు రమ్మన్నారు.

అక్కడ గురువు ప్రాణం కొట్టుకుంటుంటే ఈయనకు కప్పలతో ఆటలేమిటని ఏకాంతయ్యకు ఒళ్ళు మండింది. పెద్దాయన మాట కాదనలేక వెళ్ళి తెచ్చాడు.

ఇంకా వెలుగుండగానే బూదయ్య ఆ కప్పను తడిబండ మీద వదిలారు. అప్పుడు చూశాడు ఏకాంతయ్య. ఆ బండ నిండా కప్పలే. అదే రంగు, అదే కొలత. కుండలోది వాటి మధ్యకు దూకాక ఏది ఏదో చెప్పడం కష్టమైంది. అయితే బండ మీది కప్పలు అరవడం లేదు. ఒకటి వెనకకాలు మెల్లగా చాచి, వేళ్ళ మధ్య పొర విప్పి, గాలిలో ఒకసారి తిప్పి ముడుచుకుంది. కాస్త అవతల ఇంకొకటి కాలు చాచింది. ఆపైన మరొకటి. చూస్తుండగానే బండంతా తెల్లని పాదాలు లేస్తున్నాయి, దిగుతున్నాయి. నీళ్ళు మీద పడుతున్నా ఏదీ నోరు తెరవదు. ఏకాంతయ్యకు అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది.

మడుగు కప్ప గొంతు ఉబ్బింది. బుడగంత అయి తగ్గింది, మళ్ళీ ఉబ్బింది. చప్పుడు మాత్రం లేదు. ఒక ఆడకప్ప దాని ముందుకు వచ్చి, రాయి ముందు కూర్చున్నట్టు కాసేపు కూర్చుంది. తర్వాత దాని మీదుగా దూకి, కాలు ఊపుతున్న కప్ప దగ్గరికి పోయింది.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మూడు రోజులు ఆ కప్ప పిలుస్తూనే ఉంది. ఏకాంతయ్యకు అన్నం సహించలేదు. నాలుగోనాడు అది బండ మీద లేదు.

"వీటికి కాలు ఊపడం ఎవరు నేర్పారు స్వామీ?" అని గుహలో అడిగాడు.

"ఎవరూ నేర్పలేదు," అన్నారు బూదయ్య. "మడుగు పొంగినప్పుడు ఎప్పుడో కొన్ని కొట్టుకొచ్చి ఇక్కడ పడ్డాయి. ఏ కప్పా తాను మారలేదు. అరిచి వినపడనిదానికి పిల్లల్లేవు. ఏదో కాస్త కాలు కదిపినదానికి ఉన్నాయి. ఆ పిల్లల్లో ఇంకాస్త ఎక్కువ కదిపినదానికి ఉన్నాయి. హోరు ఏరుకుంటూ పోయింది, అంతే."

"ఎన్నాళ్ళు పట్టింది?"

"నీ మఠం, నా మఠం పుట్టకముందే అయిపోయింది."

మళ్ళీ కలిపితే ఒకటి కావా అని అడగబోయి ఏకాంతయ్య ఆగిపోయాడు. మూడు రోజులు తాను చూసింది అదే కదా. అయినా గురువు మొహం కళ్ళ ముందు మెదిలి అతనికి ఏడుపొచ్చింది.

"మనం కప్పలం కాదు స్వామీ. మా గురువు కన్నుమూసేలోపు ఒక్కసారి రండి."

బూదయ్య ఆ పెదవులను చాలాసేపు చూశారు. "మనుషులమే. పద," అని తానొక్కరే బయలుదేరారు.

దారిలో మడుగు దగ్గర కప్పలు చెవులు దిబ్బళ్ళు పడేటట్టు అరుస్తున్నాయి. బూదయ్య ఆగి, ఉబ్బుతున్న ఆ గొంతులను వింతగా చూసి, మళ్ళీ నడిచారు.

పైమఠం చేరేసరికి వాన వెలిసింది. ఆకు మీంచి చుక్క రాలినా వినపడేంత నిశ్శబ్దంగా ఉంది. స్వామి ఒకవైపు తిరిగి పడుకుని ఉన్నారు. అడుగుల చప్పుడుకు వచ్చారా అని అడిగారు. వచ్చారని ఏకాంతయ్య చెప్పగానే ఆయన మొహం విప్పారింది. తక్కిన శిష్యులను నోరు మెదపవద్దన్నారు. ఉన్న ఊపిరంతా కూడదీసుకుని "ఉన్నారా" అని రాగం తీశారు. గొంతు నూలుపోగంత సన్నబడింది కాని చివరి విరుపు చెక్కుచెదరలేదు.

గుమ్మంలో బూదయ్య అప్పటికే కుడిచెయ్యెత్తి, వేళ్ళు విప్పి నిలబడి ఉన్నారు. ఆయనా పిలుస్తున్నారు. మంచం మీంచి ఒక చెయ్యి లేస్తుందేమోనని రెప్ప వేయకుండా చూస్తున్నారు. మంచం మీద స్వామి ఊపిరి బిగబట్టి వింటున్నారు. ఇద్దరి మధ్యా నాలుగడుగుల నేల కూడా లేదు.

ఏకాంతయ్య ఆ ఎత్తిన చేతిని చూశాడు, ఆ రిక్కించిన చెవిని చూశాడు. తానే పలికేద్దామా అనుకున్నాడు. కాని తన గొంతు స్వామికి తెలియనిది కాదు. ఇక తట్టుకోలేక బూదయ్య భుజం తట్టి, తన నోరు చూపించాడు.

బూదయ్యకు అర్థమైంది. చెయ్యి దించకుండానే నోరు తెరిచారు.

"ఉన్నాం," అన్నారు.

రాయి తీసి నేల మీద పెట్టినట్టు పడింది ఆ మాట. రాగం లేదు, విరుపు లేదు.

స్వామి అటువైపు మొహం తిప్పారు. ఆయన గొంతులో జాలి తప్ప మరేమీ లేదు.

"ఎవరో బాటసారి నాయనా. ఆకలితో ఉన్నట్టున్నాడు. అన్నం పెట్టి పంపించు," అన్నారు. అని మళ్ళీ గుమ్మం వైపు చెవి ఒగ్గారు.

 ఏకాంతయ్య వెళ్ళి విస్తరి వేశాడు.