కట్టు ముందు, దెబ్బ తర్వాత

మంగతాయారు గారిని ప్రశ్న అడగడం తేలిక, జవాబు రాబట్టడం కష్టం. అడిగినవాళ్ళకి ఆవిడ ఏదో ఒక పని పురమాయించేది. పుస్తకాల బీరువా దులపమనేది, పోస్టాఫీసుకి పంపేది, లేదా చెప్పులేసుకుని తనతో రమ్మనేది. ఆ పనిలో జవాబు దొరికినవాళ్ళు ఆవిడ దగ్గర మిగిలారు. దొరకనివాళ్ళు ఆవిడకి పొగరని ఊరంతా చెప్పుకున్నారు. ఐదో క్లాసుతో బడి మాన్పించిన ఆడది అద్దె పుస్తకాల షాపు పెట్టుకుని, షాపులో ఉన్నవన్నీ తానే ముందు చదివేస్తే, ఊరు ఇంకేమంటుంది?

రైలు రెండు నిమిషాలకి మించి ఆగని ఊరది. అలాంటి ఊళ్ళో ఆవిడ ఫిలిం సొసైటీ పెట్టింది. నెలకొక ఆదివారం పొద్దున, షాపు వెనక గదిలో కిటికీలకి గొంగళ్ళు కట్టి, చిన్న ప్రొజెక్టరు మీద బయట దేశాల సినిమాలు వేసేది. ఆట అయ్యాక ఒకటే నియమం. ప్రతివాళ్ళూ తమ అభిప్రాయం చీటీ మీద రాసి బిస్కెట్ల డబ్బాలో వేసేవరకు ఎవరూ నోరు విప్పకూడదు. "మాట ముందు పైకొస్తే అభిప్రాయం పక్కవాడిదైపోతుంది" అనేది ఆవిడ. నోళ్ళయితే మూయించింది గానీ కళ్ళు మూయించలేకపోయింది. చీటీ రాసేముందు సగం మంది లెక్చరరు పట్నాయక్ గారి మొహం వైపు ఒకసారి చూసుకునేవాళ్ళు.

ఆ ప్రొజెక్టరు నడిపేది హైమవతి. బి.ఏ. ప్యాసై, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేస్తూ, మూడేళ్ళుగా మంగతాయారు గారి దగ్గర చదువుకుంటున్న పిల్ల. సొసైటీ పత్రికకి చీటీలు ఏరి, ప్రతి సినిమా మీదా వ్యాసం రాసేదీ ఆమే.

ఆ నెల వచ్చింది ఓ నలుపు తెలుపు కౌబాయ్ సినిమా. కౌబాయ్ అంటే తుపాకులు మోగుతాయని ఆశపడి వచ్చినవాళ్ళకి గంటన్నరలో వినిపించింది ఒకే ఒక్క గుండు. మిగిలినదంతా ఎండ, గాలి, ఒక మనిషి, ఒక గుర్రం. తమ్ముణ్ణి చంపినవాణ్ణి వెతుక్కుంటూ ఆ మనిషి పోతూనే ఉంటాడు. మధ్యలో గుర్రం కాలికి కట్టుతో కుంటుతుంది. ఇక నడవలేని దాన్ని అతనే కాల్చేస్తాడు. తర్వాత అదే గుర్రం బతికి కనిపిస్తుంది, రాళ్ళలో కాలు జారి దెబ్బ తింటుంది, కట్టు కట్టించుకుంటుంది, ఓ నీటిగుంట దగ్గర తలవంచి నీళ్ళు తాగుతుంది. అంతే, తెర తెల్లబడిపోయింది. పాత ప్రింటు కావడంతో ఫిలిం చుట్టల చివరలు అరిగి తెగిపోయాయి. అయిపోయిందని చెప్పే అక్షరాలు కూడా లేవు. పట్నాయక్ గారు మెల్లగా చప్పట్లు మొదలెట్టాడు. అందరూ అందుకున్నారు.

చీటీలు ముప్ఫై ఒకటి పడ్డాయి. 'పాటల్లేవు, ఫైట్లు లేవు, గాలి మాత్రం బాగా వీచింది' అన్నారొకరు. 'ఆ మనిషికి అన్నాళ్ళు ఎవరు వండిపెట్టారో చూపించలేదు' అంది ఓ ఇల్లాలు. 'ఫ్యాను కింద చోటిచ్చినందుకు కృతజ్ఞతలు, నిద్ర బాగా పట్టింది' అన్నది ఇంకొకటి. పట్నాయక్ గారి చీటీ రెండువైపులా నిండింది. 'చావు తర్వాత మిగిలేది జ్ఞాపకమొక్కటే. అందుకే దర్శకుడు కాలాన్ని విరిచి, చనిపోయిన గుర్రాన్ని తలపులో బతికించాడు' అని. హైమవతికి ఆ వాక్యం చూడగానే ఒళ్ళు పులకరించింది. దాని చుట్టూ నాలుగు పేజీల వ్యాసం అల్లేసింది.

అడుగున ఒక చీటీ మిగిలింది. 'కట్టు ముందు కట్టారు, దెబ్బ తర్వాత తగిలింది. ఇలాంటి వైద్యం నేనెక్కడా చూళ్ళేదు.' చేతిరాత మంగతాయారు గారిది, మాట జట్కా అప్పలకొండది. స్టేషన్ నుంచి సినిమా డబ్బాలు బండిలో తెచ్చేవాడతను. తెచ్చినవాడు తిరిగి పోకుండా గోడకి చేరగిలబడి ప్రతి సినిమా చూసేవాడు. రాయడం రాదు కాబట్టి ఆవిడ చెవిలో చెప్పి రాయించేవాడు. ఆ చీటీ హైమవతి కమిటీవాళ్ళకి చదివి వినిపిస్తే కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. పట్నాయక్ గారు నవ్వు ఆపుకుని, "సొసైటీకి ఒక స్థాయంటూ ఉండాలి కదమ్మా" అన్నాడు. ఆ మాట ఆమెకి సబబుగానే తోచింది. వచ్చే ఆదివారం కమిటీలో పెట్టడానికి తీర్మానం తానే రాసింది. ఇకమీదట తమ చీటీ తామే రాసుకోగలవాళ్ళకే గదిలోకి ప్రవేశం. ఎవరి పేరూ రాయలేదు. రాయక్కర్లేదు కూడా, చీటీ రాసుకోలేనివాడు ఆ గదిలో ఒక్కడే.

సోమవారం మధ్యాహ్నం ఆ కాగితం, వ్యాసం సంచీలో పెట్టుకుని షాపుకొచ్చింది.

"అమ్మగారూ, ఒకటి అడుగుతాను. చూడ్డం రానివాళ్ళ అభిప్రాయం కూడా అభిప్రాయమేనా?"

మంగతాయారు గారు అట్ట ఊడిన నవలకి జిగురు పూస్తోంది. తల ఎత్తలేదు. "ఎవరికి రాదు చూడ్డం?"

హైమవతి తీర్మానం తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ చదివింది, మడిచింది, తిరిగి ఆమె సంచీలోనే పెట్టేసింది. "నాలుగు గంటల రైలుకి డబ్బాలు పంపాలి. అప్పలకొండ బయటే ఉన్నాడు. పద."

జట్కాలో మూడు సినిమా డబ్బాలు హైమవతి కాళ్ళ దగ్గర పెట్టారు. అప్పలకొండ గుర్రం పేరు సుక్క. నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్న ముసలి ఆడగుర్రం. బండి ఊరు దాటి జీడితోటల పక్క దారి పట్టింది. పెద్దావిడ ఏమైనా అంటుందేమోనని హైమవతి చూసింది. ఆవిడ తోటలు కొనబోయేదానిలా తోటల వంకే చూస్తోంది. ఇక ఉండబట్టలేక పిల్లే మొదలుపెట్టింది.

"ఏం అప్పలకొండా, ఆదివారం సినిమాలో వైద్యం నీకు నచ్చలేదట?"

గొంతులో వెటకారం ఆమెకే వినిపించింది. అప్పలకొండకి వినిపించలేదు, లేదా వినిపించినా పట్టించుకోలేదు. "సీటీ సదివినారేటి పాపగోరూ? అందరూ నవ్వినారంట కదా" అన్నాడు సంబరంగా.

"నవ్వరా మరి? గుర్రం చచ్చిపోయాక ఆ మనిషి దాన్ని తలుచుకుంటాడు. మనకి కనిపించింది ఆ తలపు. అందుకని కట్టు ముందొచ్చింది, దెబ్బ వెనకొచ్చింది. సినిమాల్లో అలా చూపిస్తారు."

"సూపిత్తారు. మన సినిమాల్లోనూ సూపిత్తారు, తెర మీద గుండ్రాలు తిప్పి" అన్నాడతను. పగ్గం వదులు చేశాడు. "అయితే పాపగోరూ, ఆ గుర్రం రాళ్ళల్ల కాలు జారినప్పుడు ఆ మనిసేటి సేత్తన్నాడు?"

హైమవతి గుర్తు చేసుకుంది. "పడుకున్నాడు. చెట్టు కింద."

"మొకం మీద టోపీ ఎట్టుకుని గురక తీత్తన్నాడు. ఆడు సూణ్ణేదు. సూణ్ణేనిది ఎలాగ తలుసుకుంతాడు? పోనీ గుర్రమే తలుసుకున్నాదని అనుకుందుమంతే, అది అప్పటికే సచ్చిపోనాది."

హైమవతికి ఆ టోపీ కళ్ళముందు కదిలింది. ఆదివారం తానూ చూసింది దాన్ని. వ్యాసంలో గాలి గురించి ఒక పేజీ రాసింది గానీ, ఆ టోపీ గురించి ఒక్క ముక్క రాయలేదు. టోపీ తలపుకి అడ్డొస్తుంది మరి.

వంగి రెండో నంబరు డబ్బా ఒళ్ళోకి తీసుకుంది. మూత తీసి, చుట్ట కొస పట్టుకుని వెలుగుకి ఎత్తింది. ఫిలిం మొదట్లో నల్ల ముక్క మీద గోకి రాసిన అంకె ఉంటుంది. అక్కడ మూడు ఉంది. మూడో డబ్బా తీసింది. అందులో రెండు. ముందు వేసిన ఊరివాళ్ళెవరో చుట్టలు మార్చి పెట్టేశారు. ప్రొజెక్టరు నేర్పిన మొదటిరోజునే మంగతాయారు గారు చెప్పింది, డబ్బా మాట వినకు, ఫిలిం మాట విను అని. మూడేళ్ళలో చేయి అలవాటుపడింది. అలవాటుపడిన చేతికి చూడవలసిన పనుండదు. దర్శకుడు కాలాన్ని విరవలేదు. విరిచింది హైమవతి.

"రైలు ఇంకా రాలేదులే, నిదానంగా పోనీ" అంది మంగతాయారు గారు అప్పుడే నిద్ర లేచినట్టు.

"బండి తిప్పు అప్పలకొండా" అంది హైమవతి. "ఇవి రేపు పంపుదాం."

మళ్ళీ కిటికీలకి గొంగళ్ళు కట్టారు. ఈసారి చూసేవాళ్ళు ముగ్గురే. అప్పలకొండ గోడ దగ్గర తన చోట్లో కూర్చున్నాడు. హైమవతి మొదటి చుట్ట వదిలేసి రెండోది ఎక్కించింది, అది అయ్యాక మూడోది. ఎక్కించేముందు రెండుసార్లూ అంకె చూసుకుంది. మనిషి టోపీ కింద నిద్రపోయాడు, గుర్రం రాళ్ళలో జారింది, కట్టు కట్టించుకుంది, నీళ్ళు తాగింది. ఆ తర్వాత కుంటుతూ కుంటుతూ అతన్ని మోసింది. మోయలేనప్పుడు అతను దిగి, దాని చెవుల మధ్య నిమిరి, తుపాకీ తీశాడు. గుండు మోగకముందే అప్పలకొండ మొహం తిప్పేసుకున్నాడు. ఆదివారం తిప్పుకున్నాడో లేదో హైమవతి చూడలేదు. ఆదివారం ఆమె పట్నాయక్ గారి మొహం చూస్తోంది.

చివరికి ఆ మనిషి జీను భుజాన వేసుకుని గాలిలో నడిచిపోయాడు. వెనక్కి తిరగలేదు. తెర తెల్లబడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

అప్పలకొండ లేచి బయటికి పోయాడు. సుక్క ముందు నీళ్ళ తొట్టె జరిపాడు, దాని ముందుకాళ్ళు ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అయితే అమ్మగారూ, ఇతని అభిప్రాయమే సరైనదా?" అని అడిగింది హైమవతి. ఇప్పుడు ఆమె గొంతులో వెటకారం లేదు. ఓడినవాళ్ళు గెలిచినవాడి కాళ్ళకి తొందరగా దణ్ణం పెట్టేస్తారు, ఆ తొందర ఉంది.

మంగతాయారు గారు గుమ్మం వైపు తిరిగింది. "అప్పలకొండా, ఏది బాగుంది? ఆదివారందా, ఇవాళ్టిదా?"

"ఇయాల్టిది సరైంది అమ్మగోరూ. ఆదివారంది బాగుంది."

"అదేమిటి?" అంది హైమవతి నిర్ఘాంతపోయి. "తప్పని నువ్వే చెప్పావు కదా!"

"తప్పే పాపగోరూ. తప్పని తెలిసే బాగుందంతన్నాను. ఆకర్న గుర్రం నీల్లు తాగతన్నాది కదేటి." అని తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "రేపు పొద్దున్నే బండి తెత్తాను" అని వెళ్ళిపోయాడు. తన చోటు పోబోయిందని గానీ, నిలిచిందని గానీ అతనికి తెలియదు.

హైమవతి సంచీలోంచి తీర్మానం తీసింది. నిలువునా చింపబోతుంటే పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుంది.

"చించకు. బాగానే రాశావు. చూడ్డం రానివాళ్ళు బయటే ఉండాలి. ఆదివారంలోగా వాళ్ళ పేర్లు రాసుకురా." ఆవిడ లేచి కిటికీ గొంగళి ముడి విప్పింది. సాయంత్రపు ఎండ గదిలోకి వచ్చిపడింది. "మొదట నాది రాయి. నేనూ చప్పట్లు కొట్టాను."