ఓడినవాడి తాంబూలం

ఓగిరాల చయనులుగారి తర్కపాఠశాలలో ఒక లోటు ఉండేది. ఇతర చోట్ల వాదం ముగిశాక ఓడినవాడు లేచి, నలుగురి ముందూ "ఓడాను" అని చెప్పి, గెలిచినవాడికి తాంబూలం ఇవ్వాలి. చయనులుగారు ఆ ఆచారాన్ని గడప దాటి రానివ్వలేదు. శిష్యులకు అది కష్టంగానే ఉండేది. కోడిగుడ్డుకు ఈకలు పీకడం నేర్చుకునే వయసులో, పీకిన ఈకను పదిమందికీ చూపించుకోనివ్వకపోతే ఎవరికి మాత్రం బాగుంటుంది?

ఆ రోజు మృత్యుంజయం అనే శిష్యుడు తనకంటే నాలుగేళ్ళు పెద్దవాణ్ణి నోరెత్తకుండా చేశాడు. ఆ ఉడుకులోనే అడిగాడు: "గురువుగారూ, ఓడానని ఎదుటివాడు నోటితో అనకపోతే వాదం పూర్తయినట్టు ఎలాగండీ?"

చయనులుగారు ఈ సంగతి చెప్పారు.

"నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. గోదావరి ఎర్రబడి ఉబుకుతోంది. ఏటి మధ్య లంకలో వాళ్ళను గట్టుకు తీసుకురావడానికి పడవ వెళుతుంటే, మాటకారినని నన్నూ ఎక్కించారు. లంకకు పెద్ద బొడియ్య. అతను కదిలితే పదకొండు గుడిసెలూ కదులుతాయి.

'సీమలింకా గుడ్లట్టుకుని గట్టెక్కలేదండి. వరద రాదండి' అన్నాడు బొడియ్య.

'నిరుడు వరద వచ్చిందా?' అని అడిగాను.

'ఆయ్, వచ్చిందండి.'

'దానికి ముందు చీమలు గట్టెక్కాయా?'

అతను ఆలోచించి, 'లేదండి' అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. బొడియ్య నేల చూపులు చూసి, తన చాప చుట్టి చంకన పెట్టుకున్నాడు. కోడలు పిల్లను ఎత్తుకుంది. పని అయిపోయింది, నాయనా. నేను ఊరుకుంటే చాలు.

ఊరుకోలేదు. సభల అలవాటు. 'అయితే ఓడినట్టు ఒప్పుకున్నట్టేనా?' అన్నాను.

బొడియ్య తన మనుషులను ఒక్కొక్కరినే చూశాడు. చంకలో చాప కింద పరిచి, దాని మీద కూర్చున్నాడు. 'మీరెల్లండి బాబూ. గోదారి మాకు కొత్త కాదు' అన్నాడు. తప్పయిందన్నాను. కాళ్ళు పట్టుకోబోయాను. లేవలేదు. అతను లేవలేదని ఎవరూ లేవలేదు. పిల్ల కూడా చంక దిగి ఆడుకోవడానికి పోయింది.

మర్నాడు పొద్దున్నే పడవ మళ్ళీ వెళ్ళింది. దిగడానికి లంక లేదు."

మృత్యుంజయానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా తర్కం చదివినవాడు కదా, మెల్లిగా అడిగాడు: "మరి మీ వాదంలో దోషం ఎక్కడుందంటారు?"

"వాదంలో దోషం లేదు, నాయనా" అన్నారు చయనులుగారు. "నలభై ఏళ్ళుగా వెతుకుతున్నాను."