తంతి గుమస్తా సాంబయ్య మీద తగవు

1998 ఆగస్టు 12, బుధవారం. తెల్లవారింది మొదలు సన్నని తుంపర. సాయంత్రానికి వాన వెలిసింది గాని మబ్బు విడలేదు. పడమటి గాలికి తాటాకులు గలగలమంటున్నాయి. అచ్చమ్మగారి దొడ్లో జంతువులన్నీ వసారా కిటికీ కింద చేరాయి. లోపల టీవీలో సీరియల్ వేళయింది.

ఆ సీరియల్ పాతకాలపు తంతి ఆఫీసు కథ. స్వరాజ్యం వచ్చిన కొత్తల్లో, సముద్రపు ఒడ్డున ఒక ఊళ్లో, నలుగురు గుమస్తాలు మీట మీద టకటకమని కొడుతూ జనం మంచీచెడూ మోసేవారు. ఆ చప్పుడు విన్నవాళ్లు ఇప్పుడు తక్కువ. పెళ్లి కబురైనా చావు కబురైనా దానికి ఒకటే చప్పుడు. అది అలా ఉంచితే, దొడ్లో ఒక కట్టుబాటు ఉండేది: సీరియల్ మొదలైంది లగాయతు చివర పేర్లు పడేదాకా ఎవరూ ఎవరినీ ముట్టకూడదు. అందుకే నక్క కూడా గోడలో రాళ్లు జారిన సందు దూరి వచ్చి, కోళ్ల పక్కనే కూర్చుని చూసేది. దానికి హెడ్ గుమస్తా సాంబయ్యంటే ప్రాణం.

కాపలా కుక్క నల్లోడికి మాత్రం ఆ పూట బొమ్మ మీద చూపు నిలవలేదు. నెల కిందట ఒక మధ్యాహ్నం, అన్నం తిన్న మత్తులో వాడు కునుకు తీశాడు. లేచేసరికి కోడి చుక్కమ్మ పిల్లల్లో ఒకటి లేదు. అడిగితే, గద్ద తన్నుకుపోయిందన్నాడు. పన్నెండేళ్ల కాపలాలో వాడాడిన అబద్ధం అదొక్కటే. తీసుకుపోయింది నక్క. ఆ సంగతి అదే నిన్న గోడ దగ్గర నవ్వుతూ చెప్పింది.

"గురువారం అచ్చమ్మ సంతకు పోతుంది. ఆ కాసేపు నువ్వు మొరగకు బావా. నీ నిద్ర సంగతి నేనెత్తను. రేపు సీరియల్ అయ్యేలోగా ఏదో ఒకటి చెప్పు."

ఆ రోజు కథలో సాంబయ్య తప్పు బయటపడబోతోంది. తుఫాను హెచ్చరిక నాలుగింటికి అందుకుని, కాగితం చేతిలో ఉండగానే నిద్రపోయాడు. అయిదింటికి లేచి రేవుకు పంపాడు. అప్పటికే రెండు పడవలు బయల్దేరాయి, తిరిగి రాలేదు. రిజిస్టరులో మాత్రం తంతి అయిదింటికి అందిందని రాసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి ఆ పేజీ తెరిచాడు. సరిగ్గా అప్పుడే ప్రకటనలు వచ్చాయి.

"ముప్పై ఏళ్లు చేశాడు, ఒక్క కునుకు తీశాడు. దానికే ఉద్యోగం ఊడగొడతారా ఏమిటి?" అంది గేదె నెమరు వేస్తూ. వయసులో అందరికంటే పెద్దది కాబట్టి దాన్ని అంతా పెద్దక్క అనేవారు.

"నిద్ర ఎవరికి రాదు పెద్దక్కా? నిద్రను నేను క్షమిస్తాను. ఆ రాత ఉందే, దాన్ని క్షమించను," అంది చుక్కమ్మ. "పోయినవాళ్ల పెళ్లాలు సముద్రాన్ని తిట్టుకుంటూ కూర్చున్నారు. ఎవరిని తిట్టాలో కూడా వాళ్లకు తెలియనివ్వలేదు."

నల్లోడు ముంగాళ్ల మీద తల వాల్చాడు.

నక్కకు ఒళ్లు మండింది. "మీ కోళ్లకు మనిషి లోతేం తెలుసు? మంచాన పడ్డ పెళ్లానికి చాకిరీ చేసి మూడు రోజులు కన్ను మూయలేదు. అది చూపించినప్పుడు నువ్వు గింజలేరుకుంటున్నావు."

"చూశాను. ఏడ్చాను కూడా. అయినా నాలుగు నాలుగే."

"నిజం రాస్తే పడవలు తిరిగొస్తాయా?"

"రావు."

"మరి దేనికా నిజం? నీ సంగతే తీసుకో. నీ పిల్లను తీసుకుపోయింది గద్ద కాదని తెలిసిందనుకో, తిరిగొస్తుందా? కిక్కురుమనకుండా పోయింది పాపం. గద్దే అనుకుని నెల రోజులు నిమ్మళంగా ఉన్నావా, లేదా?"

కాలేజీ వాదపోటీల్లోనూ ఇదే చూస్తాం. గెలవబోయేవాడే ఒక వాక్యం ఎక్కువ మాట్లాడతాడు. అందులోనూ అభిమాని వాదిస్తున్నప్పుడు, తన గుట్టు తన దగ్గరే ఉందో జారిందో చూసుకోడు.

చుక్కమ్మ మెడ ఎత్తింది. "కిక్కురుమనలేదని నీకెవరు చెప్పారు?"

లోపల సబ్బు ప్రకటన నడుస్తోంది. నక్క చెవులు వెనక్కి పోయాయి.

"మాటవరసకన్నాను తల్లీ. కాపలా ఉన్నవాడు ఇక్కడే ఉన్నాడుగా, అడుగు. చెప్పు బావా, గద్దేగా?"

అవునంటే చాలు. గూటి ముందు తన చోటు తనకుంటుంది, పన్నెండేళ్ల పేరు పేరుగానే ఉంటుంది. కాదంటే ఆ రెండూ ఇప్పుడే పోతాయి. నల్లోడు చుక్కమ్మ వైపు చూడలేక నేల వైపు చూశాడు. ఆవిడ రెక్క కింద మిగిలిన పిల్లలు కదులుతున్నాయి.

"గద్ద కాదు చెల్లీ. నేను నిద్రపోయాను. ఇది తీసుకుపోయింది. రేపు అచ్చమ్మ సంతకు వెళ్లాక మళ్లీ వస్తానంది. నన్ను మొరగొద్దంది."

గేదె నెమరు ఆపి లేచింది.

"ఇంకా పేర్లు పడలేదు. కట్టుబాటు ప్రకారం నిన్నెవరూ ముట్టరు," అంది నక్కతో. "అవి పడేలోగా గోడ దాటు. మళ్లీ ఇటు రాకు."

"ఇన్‌స్పెక్టరు ఏమంటాడో విని పోతాను పెద్దక్కా. ఒక్క నిమిషం." నక్క ఈసారి నిజంగానే బతిమాలింది. గేదె కొమ్ములు వంచింది. నక్క వెనక్కి వెనక్కి చూస్తూ పోయింది.

చుక్కమ్మ నల్లోడి వైపు తిరిగింది. "ఆ రోజే చెప్పి ఉంటే నీ పక్కన కూర్చుని ఏడ్చేదాన్ని అన్నా. ఇప్పుడు నా ఏడుపు నాది, నీది నీది."

నల్లోడు ఎవరూ పొమ్మనకుండానే గూటి ముందు నుంచి లేచి, కట్టెల పాక పక్కకు వెళ్లి పడుకున్నాడు.

ఆ చలికాలం దాటకుండానే వాడు పోయాడు. కాపలా పని వాడి కూతురు మచ్చికి వచ్చింది. వాడు పడుకున్న గోనెపట్టా చుక్కమ్మ లాక్కెళ్లి తన పిల్లలకు పరుచుకుంది. కిటికీకి ఎదురుగా ఉన్న వాడి చోటు గేదెకు వచ్చింది. నక్కకు ఏమీ దక్కలేదు. సాంబయ్య ఉద్యోగం నిలిచిందో ఊడిందో కూడా దానికి తెలియలేదు.

ఎదుటివాడి తప్పు మీద తీర్పు చెప్పేటప్పుడు ప్రతి జీవీ తన సాక్ష్యమే చెబుతుంది.