ఇంటికో చెక్క

రణమల్ల మహారాజుకి పంచడమంటే మహా సరదా. పనసపండు కనిపిస్తే చాలు, తొనలు ఒలిపించి సభలో అందరికీ పంచేవాడు. ఓ పండగనాడు పట్టపుటేనుగుని కూడా ఊరందరికీ సమానంగా పంచేద్దామన్నాడు. మావటి కాళ్ళ మీద పడి ఏడిస్తే మానుకున్నాడు గానీ, వారం పాటు మొహం ముడుచుకునే ఉన్నాడు.

అసలే కోతి, ఆపై కల్లు తాగిందన్నట్టు, ఆ రాజుకి సర్వోత్తమయ్య మంత్రిగా దొరికాడు.

"మహారాజా, తమ తాతగారు ఊరూరా బడికి మాన్యం ఇచ్చిపోయారు. ఆ పంట పంతులు తింటున్నాడు, పిల్లలు ఊరికే చదువుకుంటున్నారు. ఆ ధాన్యమేదో ఇంటింటికీ పంచేస్తే పోలా? ఎవరి వాటా వాళ్ళకి, ఎవరి చదువు వాళ్ళకి!"

పంచడమనేసరికి రాజు మొహం చేటంత అయింది. సర్వోత్తమయ్య ఏటి అవతల సొంతంగా ఓ విద్యాశాల కట్టిస్తున్నాడు. అందులో పిల్లవాణ్ణి చేర్చాలంటే గాదె ఖాళీ చెయ్యాలి. ఆ సంగతి మాత్రం ఆయన నోట రాలేదు.

కబురు ఏటి ఒడ్డునున్న నావలపేటకి చేరింది. ఆ ఊళ్ళో బడి బాగోగులు చూడ్డానికి బడిపెద్దలని అయిదుగురున్నారు. వాళ్ళకి పెద్ద దాలమ్మ. నోటి జోరున్న మనిషి. పడవ దిగేవాణ్ణి నిలబెట్టి, "నీ కూతుర్ని బడికి పంపుతున్నావా లేదా?" అని అడిగిగానీ గట్టెక్కనివ్వదు. మాన్యం పోతే పంతులు పోతాడు, పంతులు పోతే బడే పోతుంది. దాలమ్మ మిగతా నలుగురినీ వెంటేసుకుని కోటకి బయల్దేరింది.

"మాకు వాటాలొద్దు బాబూ. మా బడి మాకుంచండి" అంది రాజుతో.

సర్వోత్తమయ్య పకపకా నవ్వాడు. "చూశారా మహారాజా, చేతికిస్తానంటే వద్దంటోంది!"

"ఇంటికి గుప్పెడు గింజలొస్తాయి. గుప్పెడు గింజలకి ఏ పంతులొస్తాడు బాబూ?"

"తెలివున్నవాడు ఎలాగైనా చదువుకుంటాడు. లేనివాడికి చదువెందుకు?" అన్నాడు మంత్రి.

రాజు గడ్డం నిమురుకున్నాడు. "దాలమ్మా, పంచితే నష్టమేమిటో నాకు బోధపడటం లేదు. పౌర్ణమినాడు మంత్రిగారి విద్యాశాల తెరవడానికి మీ రేవు దాటే వెళ్తున్నాను. శాసనం మీద ముద్ర అక్కడే వేస్తాను. చెప్పేదేమైనా ఉంటే ఆలోపు చెప్పు."

"చిత్తం బాబూ. పడవెక్కే ముందు చెప్తాను."

నావలపేటలో ఓ ఆచారముంది. రేవుకి కొత్త పడవ కావాలంటే ఇంటికో చెక్క ఇస్తారు. మేడలున్నవాడైనా ఒకటే, గుడిసెలో ఉండేవాడైనా ఒకటే. అవన్నీ కలిపి వడ్రంగులు పడవ బిగిస్తారు. అందులో మొదట కాలు పెట్టేది రాజు. ఆ ఏడు పాత పడవ చివికిపోవడంతో చెక్కలన్నీ వచ్చి చేరాయి.

పౌర్ణమి వచ్చింది. సన్నాయి మేళంతో, బలగంతో రాజు రేవులో దిగాడు. ఏరు నిండుగా పారుతోంది. పడవ మాత్రం లేదు. ఊరు ఊరంతా తలా ఒక చెక్క చంకన పెట్టుకుని నిలబడి ఉంది.

"పడవేదీ?" అన్నాడు రాజు.

"పంచేశాం బాబూ!" అంది దాలమ్మ, పెద్ద శుభవార్త చెబుతున్నట్టు. "ఎవరి చెక్క వాళ్ళకిచ్చేశాం. తమరు ఏలికలు కాబట్టి మీకు టేకుది తీసుంచాం. మంత్రిగారికి మామిడిది."

రాజు చెక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈ ముక్కతో ఏరెలా దాటేది?"

"గుప్పెడు గింజలతో మా పిల్లలెలా గట్టెక్కుతారో, అలాగే బాబూ!"

సన్నాయి ఆగిపోయింది. రాజు కనుబొమ్మలు ముడిపడ్డాయి. బడిపెద్దల్లో ఒకాయన భయంతో కళ్ళు మూసుకున్నాడు.

"ఎంత పొగరు!" అని సర్వోత్తమయ్య గొంతు చించుకున్నాడు. "మహారాజా, ఈత వచ్చినవాడు ఎలాగైనా దాటుతాడు!"

దాలమ్మ చెయ్యి నడుమున పెట్టుకుంది.

"ఈతొచ్చినోడికి పడవెందుకు బాబూ? పడవున్నది రానోడి కోసమే గదా!"

రాజు ఏటివైపు చూశాడు. వెనక్కి తిరిగి బలగాన్ని చూశాడు. "మీలో ఈత ఎవరికొచ్చు?"

అందరూ తలలు వంచుకున్నారు.

"నాకూ రాదు" అన్నాడు రాజు మెల్లగా.

ఓటమి ఒప్పుకుంటే సర్వోత్తమయ్య ఎందుకవుతాడు? "చెక్కొక్కటి చాలు, చూపిస్తాను చూడండి!" అంటూ మామిడిచెక్క నీళ్ళలో వేసి దాని మీద కాలు పెట్టాడు. చెక్క ఒకవైపు వెళ్ళింది, మంత్రి ఇంకోవైపు వెళ్ళాడు. ఒడ్డునున్న బురదలో నడుముదాకా దిగబడ్డాడు.

మొదట నవ్వింది రాజే. కిరీటం జారి చెవుల మీదికొచ్చేదాకా నవ్వాడు. శాసనం తెప్పించి ముక్కలు చేసి ఏట్లో కలిపేశాడు. "ఊరూరి మాన్యం ఊరూరి బడిదే! నావలపేట బడికి ఇంకో పది పుట్ల భూమి. దాలమ్మా, నీకేం కావాలో కోరుకో."

"కోట కూడా ఒక ఇల్లే గదా బాబూ. తమ ఇంటి చెక్క ఇంకా రాలేదు."

"ఎందుకు రాదు? ఆ విద్యాశాల నేటి నుంచి అందరిదీ. అందరిదీ అయినదానికి తలుపులెందుకు? అవి ఊడదీసి పడవకిచ్చెయ్యండి!"

"మహారాజా!" బురదలోంచి ఆర్తనాదం. "తలుపుల మాట తరవాత, ముందు నన్నెవరైనా లాగండి!"

ఓ భటుడు చెయ్యిపట్టి లాగాడు. మంత్రి కదల్లేదు సరికదా, ఇంకో బెత్తెడు దిగాడు.

దాలమ్మ ఊరివైపు తిరిగి కేకేసింది.

"ఒక్కడి వల్ల కాదర్రా! అందరూ పట్టండి!"

చెక్కలు కింద పడేసి ఊరంతా చేతులు కలిపింది. చివర్న రాజు కూడా పట్టాడు. "హైలెస్సా!" అనేసరికి సర్వోత్తమయ్య చెప్పులు బురదకే వదిలేసి గట్టు మీదికొచ్చి పడ్డాడు. రేవంతా నవ్వులే నవ్వులు.