గంజి కూడా మందేనా?

విషజ్వరానికి భస్మం కనిపెట్టానని ఆస్థాన వైద్యుడు భైరవభట్టు చాటించుకున్నాడు. అది తిన్న పదిమందిలో తొమ్మిదిమందికి జ్వరం తగ్గిందట. దాంతో జ్వరం వచ్చిన ప్రతివాళ్లూ అది తినాల్సిందేనని రాజు ఆజ్ఞాపించాడు.

నూకాలు ఇంట్లో నిండు చూలాలైన కోడలు జ్వరంతో మూలుగుతోంది. పక్క పేటలో భస్మం తిన్నవాళ్ల నోళ్లు పుండ్లు పడటం నూకాలు కళ్లారా చూసింది. వెంటనే సభకు వెళ్లింది.

"ప్రభూ, భస్మం ఇంకా అందని మా పేటలో గంజినీళ్లే తాగించాం. మాకూ పదిమందిలో తొమ్మిదిమంది లేచి తిరుగుతున్నారు. మా గంజి కూడా గొప్ప మందని చాటించండి."

భైరవభట్టు పకపకా నవ్వాడు. "పిచ్చిదానా, గంజి మందేమిటే? ఈ జ్వరం చాలామందికి దానంతటదే పోతుంది!"

నూకాలు అడిగింది. "మరి భస్మం తిన్నవాళ్లకి కూడా దానంతటదే పోయిందేమో కదయ్యా?"

అది విని రాజు ఆజ్ఞ వెనక్కి తీసుకున్నాడు.

నూకాలు ఇంటికి పరుగెత్తింది. కోడలి ఒళ్లు ఇంకా కాలిపోతోంది. తగ్గని ఆ పదో మనిషి ఈ పిల్లే అయితేనో? గంజి తాగిస్తూ పక్కనే కూర్చుంది. పొద్దువాలాక కోడలి నుదుట చెమట పట్టింది. అప్పుడుగానీ నూకాలుకి ఏడుపు రాలేదు.